ఇంటిపేరు మింగిన లెక్క

మా కోడలు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. పొద్దున్నే భవానీపురంలో కాలేజీ బస్సెక్కితే మంగళగిరి దాటాక ఎక్కడో దిగుతుంది. పాఠాలతో పాటు పరిశోధన కూడా ఉంది. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకునే పని. నేను చదివింది ఐదో తరగతి, అదీ సగం. అందుకని ఒకసారి నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"బస్తా బియ్యంలో రాళ్లున్నాయేమో చూడాలనుకోండి అత్తయ్యగారూ. మొత్తం చెరగక్కర్లేకుండా, ముందు ఏ చేటెడు చెరిగితే రాయి త్వరగా దొరుకుతుందో చెప్పడం నా పని."

శ్రమ ఆదా చేసే చదువు మంచి చదువే అనుకున్నాను.

ఈ ఏడు ప్రొఫెసర్ పోస్టుకి దరఖాస్తు పెట్టింది. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, టిఫిన్ డబ్బా నీళ్లయినా పోయకుండా సింకులో పడేసి కుర్చీలో కూలబడింది. మెతుకులు ఎండిపోతే తోమడానికి రెట్టింపు నీళ్లు ఖర్చు. ఒక మాట అనబోయి, ఆమె మొహం చూసి ఆగాను.

"సైటేషన్లు చాలవన్నారండి."

"అవేంటి?"

"నా పేపరు వాడుకున్నవాళ్లు వాళ్ల పేపరు చివర నా పేరు రాస్తారండి. అలా ఎంతమంది రాశారో లెక్క. అది తగ్గితే ఇంటర్వ్యూకే పిలవరు."

"నీ పేపరు దేశదేశాలవాళ్లూ వాడుకుంటున్నారన్నావుగా?"

"అది పెళ్లికి ముందు రాసిందండి."

"అయితే? పులిసిపోయిందా?"

అప్పుడు విషయం చెప్పింది. ఆ పేపరు మీద ఉన్నది పుట్టింటివాళ్ల ఇంటిపేరు. తర్వాత రాసినవాటి మీద మా ఇంటిపేరు. లెక్కపెట్టే కంప్యూటరు వీళ్లు ఇద్దరు మనుషులనుకుంది. కమిటీవాళ్లు మా ఇంటిపేరు కొట్టి చూసి, వచ్చినంతే రాసుకున్నారు. సగానికి పైగా లెక్క ఆ పెళ్లికాని పిల్ల దగ్గరే ఉండిపోయింది.

ఆ ఇంటిపేరు మార్పించింది నేనే. పెళ్లయిన కొత్తలో ఆమె కాయితాల మీద తండ్రి ఇంటిపేరు చూసి ఊరుకోలేకపోయాను. "ఇంకా మీ నాన్నగారి ఇంటిపేరేంటమ్మా? చూసినవాళ్లు ఏమనుకుంటారు? మా పేరు ఊరికే వస్తోంది, పెట్టుకోడానికేం?" అన్నాను. పేపర్ల మీద ఒకే పేరుంటే మంచిదని నసిగింది కానీ ఎదురు చెప్పలేదు. ఊరికే వచ్చిందన్న పేరు ఇంత తినేస్తుందని నాకేం తెలుసు?

ఆమె ప్రింటు తీసి పారేసే కాయితాల వెనకవైపు నేను సరుకుల చీటీలు రాసుకుంటాను. ఆ రాత్రి ఒకటి తిప్పి చూశాను. కూడబలుక్కుని చదివితే, పేపరు చివర రాసే ఆ పేర్లే, వరసగా. ఇంటిపేరు పూర్తిగా ఉంది. అసలు మనిషి పేరుకి మాత్రం ఒకే ఒక్క అక్షరం! రాసిన పిల్లకి అక్షరం, రాయని వంశానికి పేరంతానా?

"ఈ లెక్కలో ఇంకో తమాషా ఉందండి," అంది కోడలు. "ఫలానావాళ్ల పేపరు తప్పులతడక అని రాసినా లెక్కలోకే వస్తుంది."

"తిట్టినా లెక్కేనా?"

"తిట్టినా లెక్కేనండి."

"అయితే మన వీధిలో నీళ్ల ట్యాంకరు దగ్గర అందరూ తిట్టుకునే ఆవిడే పెద్ద ప్రొఫెసరన్నమాట!"

మర్నాడు నేనూ కాలేజీ బస్సెక్కాను. "మీరెందుకండీ?" అంటే వినలేదు. ఆఫీసులో కూర్చున్నాయన మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు.

"ఇద్దరూ ఒకరేననడానికి ప్రూఫ్ కావాలి మామ్మగారూ."

"నేనే ప్రూఫు. పెళ్లికొడుకు తల్లిని."

"మీరు చెబితే కంప్యూటరు వినదండీ."

"మరి కంప్యూటరు చెబితే మీరెందుకు వింటున్నారు? పోనీ, ఆ పేపరు మీలో ఎవరైనా చదివారా బాబూ?"

"అన్నీ చదవడానికి టైమెక్కడిదండీ? అందుకేగా ఈ లెక్క."

పావుకిలో వంకాయలు కొనేవాడు కూడా ఒక్కొక్కటి తిప్పి పుచ్చుందేమో చూసుకుంటాడు. వీళ్లు మనిషి పదేళ్ల చదువుని తిప్పి చూడరట. ఆ మాటే అన్నాను. కోడలు నా చెయ్యి నొక్కింది. ఆయన నవ్వేసి, లెక్కపెట్టే కంపెనీకి దరఖాస్తు పంపితే రెండు పేర్లూ కలుపుతారని, గడువు శుక్రవారమని చెప్పాడు. నోటరీ దగ్గర నేను సంతకం పెట్టాను. ఆమే ఈమె, ఈమే ఆమె అని.

దరఖాస్తు చివర్లో ఒక గడి వచ్చింది. రెండూ కలిపాక ఏ పేరు కనపడాలి?

"మనదే పెడతానండి," అంది కోడలు, నా వైపు చూడకుండా.

"వద్దు. మీ నాన్నగారిదే పెట్టు."

"మీ అబ్బాయేమంటారో..."

"వాణ్ణి నేను చూసుకుంటాను. వాడి పేరు మార్చుకోమని ఎవరైనా అడిగారా?"

మా మామగారి కాలం నుంచి తలెత్తుకుని చెప్పుకున్న ఇంటిపేరు మాది. అయినా వాళ్ల నాన్నగారిదే పెట్టించాను.

పేర్లు కలిశాయి. ఇంటర్వ్యూకి పిలిచారు, పోస్టూ ఇచ్చారు. గదిలో అంతమంది పెద్దలు కూర్చుని ఆ పేపరులో ఏముందని ఒక్క ముక్కా అడగలేదట. "లెక్క సరిపోయిందమ్మా," అన్నారట. కోడలు నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.