ఉత్తర్వు వచ్చేదాకా

నందికొట్కూరులో మా బడి ఒక పాత వేరుశనగ మిల్లు గోదాములో నడిచేది. పత్తి చేలల్లో పనికి పోయే ఆడపిల్లల్ని తీసుకొచ్చి, అక్కడే ఉంచి, తిండి పెట్టి, మామూలు బడిలో చేరడానికి సరిపడా చదువు చెప్పడం మా పని. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది మా స్వచ్ఛంద సంస్థ. ఒప్పందం మాత్రం ఏడాదికే. మార్చి ఆఖరుకు అది ముగిసిపోయేది. కొత్త ఉత్తర్వు వచ్చేది జూలైలోనో ఆగస్టులోనో. ఆ మధ్య నెలల్లో బడి లేదు, జీతం లేదు, కాగితాల మీద మేమూ లేము. పిల్లల్ని వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు పంపేసి తాళం వేసేవాళ్ళం.

నేను అక్కడ టీచర్ని. మాది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు. మొదటి ఏడు ఒప్పందం ముగిసినప్పుడు అన్న ఇంట్లోనే ఉన్నాను. వదిన నన్ను ఒక్క మాట అనలేదు. కానీ పొద్దున్నే, "ఆర్డరేమన్నా వచ్చిందా?" అని అడిగేది. అడగడంలో తప్పేం లేదు. దానికి జవాబు లేకుండా అన్నం ముందు కూర్చోవడమే నాకు కష్టంగా ఉండేది.

ఆ ఏడు తిరిగి వచ్చాక, గోదాము ఎదురుగా కిరాణా కొట్టు నడిపే శెట్టి ఒక సంగతి చెప్పాడు.

"ఎండాకాలంలో ఒక పిల్ల వచ్చినాదమ్మా. చేతిలో బట్టల సంచి ఉండాది. తాళం చూసి మెట్ల మీద శానాసేపు కూచున్నాది. మజ్జిగ ఇస్తే తాగినాది. మళ్ళ బస్సెక్కి పోయినాది."

ఎవరి పిల్లో, ఏ ఊరో ఆయన అడగలేదు. ఎట్లుందని అడిగితే, మా పిల్లల్లో ఎవరికైనా సరిపోయే ఆనవాళ్ళే చెప్పాడు. ఆ ఏడు చేరకుండా పోయిన ప్రతి పిల్లా ఆ పిల్లేనేమో అనిపించేది.

అందుకే రెండో ఏడు నేను ఊరికి పోలేదు. తాళంచెవి నా దగ్గరే ఉంచమని సంస్థ పెద్దను అడిగాను. "జీతం ఇవ్వలేనమ్మా," అన్నాడాయన ఇబ్బందిగా. ఉండనిస్తే చాలన్నాను.

మా వంటామె ఆ వారమే బయల్దేరింది. ఆలూరు వైపు మనిషి, మాటల్లో కన్నడం కలిసేది. భర్త లేడు. కూతుర్ని మా బడిలోనే చేర్చి, అక్కడే వండుతూ ఉండేది. ఆ బడిలో నాకు మనిషంటూ ఉంటే ఆమే. సాయంత్రం పిల్లలు ఆడుకుంటుంటే ఇద్దరం గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరేవాళ్ళం.

"బెంగళూరికి పోతాండా టీచరమ్మా," అంది సంచి సర్దుకుంటూ. "ఆడ బిల్డింగు పనుండాదంట. దుడ్లు వారం వారం ఇస్తారంట."

"పాపను నా దగ్గర వదిలిపెట్టి పో అక్కా."

"నీకే తిండికి లేదు. దాన్నెట్ల సాకుతావు?" అని నవ్వింది. "ఆర్డరొస్తే చెప్పి పంపు. ఇద్దరం వస్తాం."

కూతురు పలకా పుస్తకాలూ కూడా సంచిలో పెట్టుకుంది. బస్సులో కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి ఊపింది.

తర్వాత ఆ గోదాములో నేనొక్కదాన్నే. రేకుల కప్పు మధ్యాహ్నానికి నిప్పులు చెరిగేది. వంటింట్లో ఉన్నవన్నీ యాభై మందికి వండే గుండిగలు. పప్పు తోడే గిన్నెలో నా అన్నం వండుకునేదాన్ని. బజారులో ఒక టైలరు దగ్గర జాకెట్లు తెచ్చుకుని హుక్కులు కుట్టి ఇచ్చేదాన్ని. ఆదివారం చర్చికి పోతే, అందరూ పలకరించేవాళ్ళు. ఇంటికి రమ్మని ఎవరైనా పిలుస్తారేమోనని కాస్త మెల్లగా నడిచేదాన్ని. ఎండకు అందరూ త్వరగా వెళ్ళిపోయేవాళ్ళు. కొన్ని రోజులు ఎవరితోనూ మాట్లాడే పని పడేది కాదు. ఒకసారి శెట్టి కొట్లో ఉప్పు అడగబోతే గొంతు పెగలలేదు. దగ్గి, మళ్ళీ అడిగాను.

పిల్లలెవరూ రాలేదు. జూన్‌లో ఒక జీపు వచ్చింది. దిగినామె ఈ బడుల పని చూసే జిల్లా అధికారి. కొత్తగా వచ్చింది, కోస్తా మనిషి.

"ఇది మూసి ఉందని రాశారే. మీరెవరు?" అంది.

"టీచర్ని మేడమ్."

"జీతం ఎవరిస్తున్నారు?"

"ఇప్పుడు ఎవరూ ఇవ్వరు మేడమ్. ఆర్డరు రావాల."

"మరి ఎందుకున్నారు ఇక్కడ?"

ఆ సంచి పట్టుకొచ్చిన పిల్ల సంగతి చెప్పాను. వంటామె ఏదని అడిగితే అదీ చెప్పాను. చాలా రోజుల తర్వాత ఒక మనిషి నా మాట వింటుంటే ఆపడం చేతకాలేదు. ఆమె నీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే పెట్టుకుని ఖాళీ గదులు చూసింది.

"ఆ వంటామె కూతురు మన బడి పిల్లేనా?"

"అవును మేడమ్."

"ఇప్పుడు పనిలో ఉందా?"

"ఉండొచ్చు మేడమ్."

కర్నూలు కలెక్టరేట్లో మీటింగు పెడతానని, నాకు చెప్పినట్టే అక్కడ చెప్పమని అడిగి వెళ్ళింది.

ఆ మీటింగులో సంస్థల పెద్దలు ముందు వరుసలో, మాలాంటివాళ్ళం గోడవారగా కూర్చున్నాం. ఏడాదికి మించి ఒప్పందం రాయడం రూల్సులో లేదని ఒక ఆఫీసరు వివరంగా చెప్పాడు. మా పెద్ద తల దించుకుని విన్నాడు. ఎదురు మాట్లాడితే ఆ ఏడాదిదీ పోతుందని ఆయన భయం. అధికారి నావైపు చూసింది. లేచి నిలబడ్డాను.

"మమ్మల్ని మార్చిలో పంపేస్తే పిల్లలు పనికి పోతారు సార్. ఆగస్టులో మళ్ళీ వాళ్ళనే వెతుక్కుంటా పోతాం. దొరికినవాళ్ళు దొరుకుతారు," అన్నాను. అంతే చెప్పి కూర్చున్నాను.

బయట కానుగ చెట్టు కింద మా పెద్ద నా పక్కన నిలబడి టీ తాగాడు. "నేను అనాల్సిన మాట అది," అని మాత్రం అన్నాడు.

మార్పు వెంటనే రాలేదు. ఆ అధికారి హైదరాబాదుకు రాస్తూ, తిరుగుతూ ఉందని వినేవాళ్ళం. ఆగస్టులో ఎప్పటిలాగే ఏడాది ఉత్తర్వు వచ్చింది. బెంగళూరికి పోయేవాళ్ళతో వంటామెకు కబురు పంపాను. జవాబు లేదు. వేరే ఆమె వంటకు వచ్చింది. ఆ ఏడాది గడవకముందే కొత్త ఒప్పందం చేతికందింది. మూడేళ్ళకు ఒకటే. ఎండాకాలంలోనూ బడి నడవాలి, పనిచేసేవాళ్ళు కొనసాగాలి, జీతాలకు కొంత డబ్బు ముందే విడుదల చేయాలి. సంతకం చేస్తూ మా పెద్ద కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ అధికారికి మాత్రం అప్పటికే బదిలీ అయింది. ఆమెకు నేను కృతజ్ఞతలు కూడా చెప్పలేకపోయాను.

ఏప్రిల్ వచ్చింది. మొదటిసారి పిల్లలెవరూ పోలేదు. ఆ నెలలోనే ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, వంటామె ఉండే చోట ఫోన్ నంబరు తెచ్చి ఇచ్చింది. బజారులో ఎస్టీడీ బూత్‌కు పోయి చేశాను. ఎవరో ఫోన్ ఎత్తి, ఆమెను పిలిచారు. ఆమె వచ్చేదాకా సిమెంటు కలిపే మిషను శబ్దం వింటూ నిలబడ్డాను.

"టీచరమ్మా, నువ్వేనా? బాగుండావా?"

"బాగున్నానక్కా. ఇప్పుడు మూసేది లేదు. ఏడాది పొడుగునా జీతం ఇస్తారు. వచ్చేయ్."

"శానా మంచిమాట చెప్పినావు," అంది. "మేమీడ అప్పుడే కుదురుకున్న్యాం తల్లీ. మేస్త్రీ షెడ్డు ఇచ్చినాడు."

"పాపనైనా పంపక్కా."

"అదీ నాతోనే వస్తాంది పనికి. చదువంటే ఇప్పుడు సిగ్గుపడతాది. పోయినేడు చెప్పింటే పంపేదాన్నేమో."

ఎవరో ఆమెను కేకేశారు. "ఉంటా టీచరమ్మా, వేళకు తిను," అని పెట్టేసింది.

బూత్ నడిపే అతను నన్ను చూసి ఫ్యాను నావైపు తిప్పాడు. కాసేపు అక్కడే కూర్చున్నాను.

తిరిగి వచ్చేసరికి పిల్లలు కంచాలు పట్టుకుని వరుసలో ఉన్నారు. వంటామె కూతురితో స్నేహంగా ఉండిన పిల్ల ముందుకొచ్చింది. "మాట్లాడినావా మేడమ్? ఎప్పుడొస్తారంట?"

"బాగుండారంట," అన్నాను. "ఇప్పుడప్పుడే రారంట."

ఆ పిల్ల తల ఊపి వరుసలోకి పోయింది. నేనూ కంచం తెచ్చుకుని వాళ్ళ మధ్య కూర్చున్నాను. చుట్టూ గోలగోలగా మాట్లాడుకుంటున్నారు. పక్కనున్న పిల్ల నాకేదో చెబుతోంది. వింటున్నట్టే తల ఊపుతూ అన్నం కలుపుకున్నాను.