చిలక గాటు, ఉడత గాటు

ఆగిరిపల్లి దగ్గర సుబ్రహ్మణ్యం గారి చిన్నరసాల మామిడి తోటకు నాగేంద్రమ్మ ఇరవై రెండేళ్లుగా కాపలా. కాపలా కాసే భర్త కన్నుమూశాక అతను రాళ్లు విసిరే వడిసెల ఆమె చేతికొచ్చింది. పిందె పట్టింది మొదలు కోతలయ్యేదాకా మంచె మీదే ఆమె కాపురం. చిలకల గుంపు దిగిందంటే ఆమె విసిరిన రాయి గురి తప్పేది కాదు. ఉడతల జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు. రాముడి వేళ్లు తగిలిన ఒళ్లంటూ, తన గిన్నెలోంచి నాలుగు మెతుకులు వాటికి వేసేది. తోక కురచైన ఉడత ఒకటి మరీ మచ్చికై, ఆమె మోకాలెక్కి తినేది.

ఈ ఏప్రిల్ మొదట్లో ఒక ఉదయం, గట్టు మీది మొండి తాడి తొర్రలోంచి ఆ ఉడతే బయటికొచ్చింది. నోట్లో ఏదో వేలాడుతోంది. పీచేమో అనుకుంది నాగేంద్రమ్మ. అది కదిలింది. ఇంకా ఈకలైనా రాని చిలక పిల్ల. తల్లి చిలక చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. ఉడత తొర్ర అంచున కూర్చుని, రోజూ మెతుకులు తిన్నట్టే, ముందుకాళ్లతో పట్టుకుని తినసాగింది.

వడిసెల చేతిలోనే ఉంది. రాయి పెట్టాలని కూడా తోచలేదు ఆమెకు.

చాలాసేపటికి మంచె దిగి, చెట్ల కింద రాలిన కాయలు ఏరింది. ఇన్నేళ్లూ కొరికిన కాయ కనిపిస్తే చాలు, చిలక పనే అనేది. ఇప్పుడు ఒక్కోటీ తిప్పి తిప్పి చూసింది. కొన్నింటికి ముక్కుతో పొడిచి చీల్చిన లోతైన గాట్లు. మరికొన్నింటి మీద పక్కపక్కనే రెండేసి సన్నటి గీతలు, ఉలితో చెక్కినట్టు. రెండు కుప్పలు పోసింది. ఉడతల కుప్పే పెద్దదైంది.

మధ్యాహ్నం సుబ్రహ్మణ్యం గారు బండి మీద వచ్చారు. "ఈ కుప్పలేంటి నాగేంద్రమ్మా?"

"ఇవి చిలకలు పొడిచినవండి, అవి ఉడతలు కొరికినవి. ఇన్నాళ్లూ ఒకరి తప్పుకి ఇంకొకర్ని కొట్టానండి." పొద్దున చూసింది కూడా చెప్పింది.

నవ్వబోయిన ఆయన ఆమె మొహం చూసి ఊరుకున్నారు. "అయితే ఇక ఉడతల్ని కొడతావా?"

"చెయ్యి లేవట్లేదండి. పాత రేకు ముక్క ఉంటే ఇప్పించండి, ఆ తాడికి చుడదాం. లోపల ఇంకో పిల్ల ఉంది. కూత వినపడుతోంది."

"చిలకల్ని తోలమని పెట్టుకుంటే వాటికి పురుడు పోస్తానంటావేంటి?" అన్నారు గానీ, సాయంత్రానికి రేకు తెచ్చి తానే నిచ్చెన పట్టుకున్నారు.

నున్నటి రేకు మీద ఉడత కాలు నిలవలేదు. మర్నాడు అన్నం వేళకు అది మంచె దగ్గరికొస్తే, నాగేంద్రమ్మ గిన్నె మూత పెట్టేసి లేచిపోయింది.

మే నెలాఖరుకి తొర్రలోని పిల్ల రెక్కలొచ్చి ఎగిరింది. నేరుగా వచ్చి, ఇంకా కోయని రసాల చెట్టు మీద వాలింది. నాగేంద్రమ్మ కాసేపు చూసి, డబ్బా వాయించి దాన్ని పక్కవాళ్ల తోటలోకి తోలింది.