కొత్త రేకు మీద బొబ్బ

మా వీధి చివర ఈ మధ్య బళ్లకు రంగులు కొట్టే షెడ్డు ఒకటి వచ్చింది. మధ్యాహ్నం గాలి అటు నుంచి తిరిగితే టిన్నరు వాసన నేరుగా నా రాతబల్ల దాకా వస్తుంది. ఇంట్లోవాళ్లు తలనొప్పి అంటూ కిటికీలు మూస్తారు. నేను తెరుస్తాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే అనంతపురంలో ఒక రేకుల షెడ్డు, దాని ముందొక తెల్లటి జీపు, ఆ జీపు ఒంటిని బొటనవేలితో తడుముతూ నిలబడిన ఒక పొట్టి మనిషి కనిపిస్తారు. చేతికి గడియారం తప్ప ఒంటి మీద నగ లేదు, నుదుట బొట్టు లేదు. ఆమె డాక్టర్ విమలమ్మ. నాకు ఆలోచించడం నేర్పిన మనిషి. వాదించడం నాకు అంతకు ముందే వచ్చు. ఆ రెండూ ఒకటి కావని తెలిసింది ఆమె దగ్గరే.

ఆమె ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టారు. నాయన నేసిన చీర బేరానికి పోయే ముందు దాన్ని తిరగేసి, వెనక వైపు దారాలు ఎక్కడ తెగాయో చూడటం చిన్నప్పుడు ఆమె పని. సర్కారు ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేసి, పైవాళ్లతో పడక బయటికొచ్చి, అనంతపురంలో సొంతంగా వైద్యం చేస్తుండేవారు. ఎనభైల నడిమి మాట ఇది. నేను అప్పుడే కాలేజీ చదువు ముగించి హేతువాద సభల్లో ఉపన్యాసాలిస్తున్నాను. దేవుడి పేరెత్తితే చాలు, మైకు ముందు నిప్పులు కక్కేదాన్ని. జాతరల మీద నేను రాసిన వ్యాసం ఒక చిన్న పత్రికలో అచ్చయితే, మెచ్చుకుంటారని ఆమెకు తీసుకెళ్లి ఇచ్చాను. రోగులందరూ వెళ్లిపోయాక ఆమె దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివారు.

“బాగా రాసినావు పాపా. నువ్వే మాట్లాడినావు, నువ్వే చప్పట్లు కొట్టుకున్నావు. ఎదుటి మనిషిని యాడ కూచోబెట్టినావో కనపడలేదు.”

నాకు ఒళ్లు మండింది. “మూఢనమ్మకానికి కుర్చీ కూడా వేయాలా?” అన్నాను.

“కుర్చీ వద్దులే, నిలబడనియ్యి చాలు. ఆదివారం పల్లెకు పోతాండా, వస్తావా? సూది ఏసేటప్పుడు పిల్లల్ని పట్టుకునేదానికి ఒక మనిషి కావల్ల.”

అలా ఆమె వెంట తిరగడం మొదలైంది. తట్టుకు టీకా మా వైపు అప్పుడప్పుడే దొరుకుతోంది. కరువు ఏళ్లు. కడుపుకు సరిగా లేని పిల్లలకు తట్టు సోకితే చాలామంది దక్కేవారు కాదు. పల్లెల్లో దాన్ని జబ్బు అనరు, అమ్మ వచ్చింది అంటారు. గడపకు వేపమండలు కట్టి, మందూ మాకూ దగ్గరికి రానివ్వకుండా, అమ్మ తనంతట తాను వెళ్లిపోయేదాకా కాచుకుని ఉంటారు. ఆ లోపల చాలాసార్లు బిడ్డే వెళ్లిపోయేది. ఆ కోపమే నన్ను మైకు ముందుకు తోసింది. డాక్టరమ్మను మాత్రం అది పాత జీపు ఒకటి కొనేలా చేసింది.

వేలంలో వచ్చిన జీపు. దాని వెనక భాగం కోసేసి, టీకామందు ఉంచే ఐసుపెట్టెకు చోటు, అరలు, తల్లులు బిడ్డలతో ఎక్కడానికి మెట్టు, ఇవన్నీ ఉండే కొత్త బాడీ కట్టించాలనుకున్నారు. ఆ పని వీరాచారికి ఒప్పజెప్పారు. ఎడ్లబండ్లు చేసే ఇంటివాడు, లారీలకు బాడీలు కట్టి పేరు తెచ్చుకున్నవాడు. చిన్న బళ్ల పని అతనికి కొత్త. “లారీకి తిరిగే చెయ్యి జీపుకు తిరగదా అమ్మా?” అని ధీమాగా తీసుకున్నాడు. పని చివరికి వస్తుండగా మా ఊళ్లో వాన పడింది. అనంతపురంలో వాన పడితే జనం పనులాపి గడపలోకొచ్చి చూస్తారు. ఆ వారమంతా చూశారు. వాన వెలిసిన మర్నాడే రంగు కొట్టించి జీపు తెచ్చేసుకున్నాం. ఐసులో పెట్టిన మందు ఊళ్లోకి వచ్చేసి ఉంది మరి. జీపు తీస్తుంటే వీరాచారి అడ్డం నిలబడి చాలా మాటలు చెప్పాడు. వాటిలో గుమ్మడికాయ కొట్టాలన్న మాట ఒక్కటే మాకు వినపడింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపి బండెక్కారు.

ఎండలు మళ్లీ ముదిరేసరికి జీపు ఒంటి నిండా బొబ్బలు లేచాయి. శనగగింజంతవి కొన్ని, రూపాయిబిళ్లంతవి కొన్ని. వేలితో నొక్కితే లోపల మెత్తగా కదిలేవి.

“ఏమప్పా వీరాచారీ, ఇదేనా పని?” డాక్టరమ్మ షెడ్డు ముందు జీపు ఆపి అడిగారు.

“నా పనికి ఏమొచ్చిందమ్మా? గుమ్మడికాయ కొట్టకపోతిరి, టైరు కింద నిమ్మకాయ పెట్టకపోతిరి. ఊరి కండ్లన్నీ ఆ తెల్ల బండి మీదనే. దిష్టి తగిలినాది.”

నేను ఊరుకుంటానా? దిష్టికి రంగు బొబ్బలెక్కుతుందా, ఎక్కితే ఊళ్లో తెల్ల గోడలన్నీ ఎందుకు నిలిచాయి, నాసిరకం పనికి దేవుణ్ణి జామీను పెట్టడం సిగ్గు కాదా అని అందుకున్నాను. పక్క టీ అంగడి దగ్గర ఉన్నవాళ్లు గ్లాసులతో సహా వచ్చి నిలబడ్డారు. “ఈ యమ్మ మైకు లేకపోయినా గట్టిగానే మాట్లాడతాదే” అన్నాడొకడు. వీరాచారి అంతా విని చేతులు తుడుచుకున్నాడు.

“సరే పాపా. దిష్టిని నేను చూడలేదు. నా పనిలో తప్పును నువ్వు చూసినావా? గోకి చూసినావా? చూడకుండా చెప్తాండేది నేనొక్కణ్ణేనా?”

డాక్టరమ్మ నా వైపు ఒకసారి చూశారు. అతను జీపును ముట్టనన్నాడు, మేము అలాగే వెళ్లిపోయాం. పత్రికలో అతన్ని ఉతికి ఆరేయాలని దారంతా నేను వాక్యాలు పేర్చుకున్నాను.

ఆ బొబ్బల జీపుతోనే ముదిగుబ్బకు అవతల ఒక పల్లెకు వెళ్లాం. పక్క ఊళ్లో అప్పటికే తట్టు తిరుగుతోంది. బడి ముందు బండి ఆపగానే ఓబులమ్మ అనే ముసలామె వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగింది. ఊళ్లో పురుళ్లు పోసే మనిషి, ఆమె మాటంటే అందరికీ గురి. ఎండలో మెరుస్తున్న బొబ్బలను దూరం నుంచే చూసి చేతులు జోడించింది.

“బండికి అమ్మ పోసినాది” అంది మెల్లగా.

కాసేపట్లో జీపు ముందు కమ్మీకి వేపమండలు కట్టారు. ఎవరో పసుపునీళ్లు చల్లారు. లక్ష్మీదేవి అనే అమ్మాయి చంటిబిడ్డనెత్తుకుని వరసలో అందరికంటే ముందు నిలబడి ఉంది. ఆమె బిడ్డ తల మీద కొంగు కప్పి వెనక్కి నడిచింది.

“అమ్మ ఉండే చోట సూది ఏస్తారా ఎవరన్నా? ఆ యమ్మకు కోపం రాదా?” అంది ఓబులమ్మ.

“గొర్రెలకు ఏయిస్తాండాం కదవ్వా” అన్నాడు గొర్రెలు కాసే ఒకతను.

“గొర్రెకు అమ్మ రాదులేరా. నీకూ రాదు. నీకు ముందు బుద్ధి రావల్ల.”

అందరూ నవ్వారు. ఎవరూ ముందుకు మాత్రం రాలేదు. నేను మెట్టెక్కి మాట్లాడాను. నేను ఎంత బాగా మాట్లాడితే అన్ని తలుపులు మూసుకున్నాయి. ఐసు కరుగుతుంటే వెనుదిరిగాం.

డాక్టరమ్మ నేరుగా వీరాచారి షెడ్డుకు పోయారు. పోట్లాడటానికి కాదు.

“నువ్వు చెప్పిన దిష్టి ముదిగుబ్బ దాటేసరికి అమ్మోరయింది వీరాచారీ. ఆడ ఒక్క బిడ్డకూ సూది పడలేదు. నాతో వచ్చి ఆ ఊరోళ్ల ముందర గోకు. కింద దిష్టి కనపడితే నేనే గుమ్మడికాయ కొడతా.”

“తప్పు నాదని తేలితే?”

“చెప్తా. నాదని తేలినా చెప్తా.”

అతను కొంతసేపు గడ్డం గోక్కుని, గీకే ఉలి సంచిలో వేసుకున్నాడు.

కొత్త ఐసు నింపుకుని, వీరాచారిని ఎక్కించుకుని వెళ్లేసరికి పల్లె మళ్లీ జీపు చుట్టూ చేరింది. ఈసారి అందరూ నాలుగడుగుల దూరంలోనే నిలబడ్డారు. వీరాచారి తలుపు పక్కన పెద్ద బొబ్బ ఒకటి చూసుకుని ఉలి మొనతో చీల్చాడు. గోధుమరంగు నీరు కారింది. కింద పాత రేకు గుంటలు పడి ఉంది. డాక్టరమ్మ ఓబులమ్మను పిలిచి వేలు పెట్టి చూడమన్నారు. ముసలామె కొంచెం జంకి, తాకి, వేలు వాసన చూసుకుంది.

“తుప్పు. మా మడక కర్రుకు పట్టేదే” అంది.

వీరాచారి తల వంచుకున్నాడు. “పాత రేకు కడాకు గీకలేదమ్మా. పైపైన గీకి, గుంటలు కనపడకుండా లప్పం పూసి కప్పెట్టినా.”

నాకు పండగయింది. ఇక జనం వైపు తిరిగి నోరు తెరవబోతుంటే డాక్టరమ్మ నన్ను ఆపి బండి వెనక్కి నడిచారు. అక్కడ వీరాచారి కొత్తగా కట్టిన బాడీ. దాని మీదా బొబ్బలున్నాయి, కొంచెం చిన్నవి.

“ఇది కొత్త రేకు. నా ముందరనే కోసినావు. దీంట్లో తుప్పు లేదు. మరి ఈడెందుకు లేసినాది?”

“తేలిపోయింది కదమ్మా, ఇక వదిలేయండి” అన్నాను చెవిలో.

“ఇది తేలకపోతే అదీ తేలనట్టే” అన్నారు పైకే.

వీరాచారి గీకాడు. రేకు తళతళలాడుతోంది. దాని మీది లప్పం మాత్రం తడిపిండిలా ఉలికి అంటుకుంది. అతను ఉలి తుడుస్తూ ఆమె ముఖంలోకి చూశాడు.

“చెప్పప్పా.”

“ఆ వానకు లప్పం ఆరలేదమ్మా. ఇంకో రెండు దినాలు ఉండనీండి అని అడ్డం నిలబడి మొత్తుకుంటి. ఐసు కరుగుతాదని మీరు పచ్చి లప్పం మీదనే రంగు కొట్టిచ్చుకుని పోతిరి.”

డాక్టరమ్మ ఊరివాళ్ల వైపు తిరిగారు. “ముందర బొబ్బలు ఈయన తప్పు. ఎనక బొబ్బలు నా తప్పు. చెప్తే వినకుండా తొందరపెట్టినా. దీంట్లో అమ్మవారు చేసింది ఏమీ లేదు.”

ఓబులమ్మ నడుం మీద చేయి పెట్టుకుంది. “అయితే ఇద్దరూ కూడి చెడగొట్టి మా యమ్మ మీదికి తోసినారా?”

జనం గొల్లుమన్నారు. వీరాచారి కూడా నవ్వాడు. నవ్వులోనే లక్ష్మీదేవి అడిగింది: “సూది ఏసినాక పాపకు జొరమొస్తే?”

“రావచ్చు. ఒంటి మీద నాలుగు గింజలు కూడా లేయొచ్చు. తగ్గిపోతాది. రానే రాదని మాత్రం చెప్పను.”

అంతా పోయిందనుకున్నాను. లక్ష్మీదేవి ఓబులమ్మ ముఖం చూసింది.

“తన తప్పు తానే గోకి చూపిచ్చిన మనిషి. సూదిలో తప్పుంటే దాపెడతాదా? పట్టు బిడ్డని” అంది ఓబులమ్మ.

ఆ రోజు పిల్లల్ని పట్టుకుని పట్టుకుని నా చేతులు లాగేశాయి. అన్ని తలుపులూ తెరుచుకున్నాయని రాస్తే అబద్ధం. కొన్ని ఇళ్లు చివరిదాకా మూసే ఉన్నాయి. కమ్మీకి కట్టిన వేపమండలు ఓబులమ్మ విప్పలేదు, డాక్టరమ్మా విప్పమనలేదు.

తిరుగుదారిలో నేను ఉండబట్టలేక అన్నాను, ఆ కొత్త రేకు జోలికి పోకుండా ఉంటే వాదం పూర్తిగా మనదయ్యేదని.

“వాదం మనదయ్యేది. పిల్లోళ్లు? మొదటి బొబ్బ గోకినప్పుడు వాళ్లు వీరాచారిని చూసినారు పాపా. రెండోది గోకినప్పుడు నన్ను చూసినారు” అన్నారు. వీరాచారి వెనక కూర్చుని అప్పటికే నిద్రపోయాడు.

అతను జీపును నిగనిగలాడే రేకు కనిపించేదాకా గీకి, ఈసారి తనకు తోచినన్నాళ్లు ఆరబెట్టి రంగు వేశాడు. గుమ్మడికాయ మాత్రం వదల్లేదు. “నీ షెడ్డుకు కొట్టుకో, అడ్డం చెప్పను. నా బండి ముందర కొట్టొద్దు” అన్నారామె. ఆ రంగు జీపు పాడైపోయేదాకా నిలిచింది. గుమ్మడికాయ వల్లనని అతను, గీకినందువల్లనని ఆమె, కలిసినప్పుడల్లా టీ తాగుతూ పోట్లాడుకునేవారు.

డాక్టరమ్మ పోయి చాలా ఏళ్లయింది. నేను మెత్తబడలేదు. బిడ్డకు మందు అందకుండా అడ్డుపడే నమ్మకం ఏదైనా సరే, దాని మీద నాకు అప్పుడెంత కోపమో ఇప్పుడూ అంతే. కానీ వ్యాసం ముగించాక వెంటనే పంపను. నా వాదానికి లొంగని సంగతి అందులో ఎక్కడ ఉందో వెతుకుతాను. ఉంటుంది. దాన్ని కూడా రాస్తాను. మొన్నొక సభలో ఒక కుర్రవాడు లేచి నా మాటల్లో ఒక పొరపాటు చూపించాడు. మావాళ్లు అతన్ని కూర్చోబెట్టబోయారు. వాళ్లను ఆపి, అతను చెప్పిందే సరి, ఈ చోట నాదే తప్పు అన్నాను. ఆ నాలుగు మాటలు అనడానికి మైకు రెండుసార్లు సర్దుకున్నాను. ఇన్నేళ్లయినా అది అలవాటు కాలేదు. డాక్టరమ్మకైనా అలవాటయి ఉంటుందని నేననుకోను. ఆ పల్లెలో అందరి ముందూ “నా తప్పు” అన్నప్పుడు ఆమె నా భుజం పట్టుకుని ఉన్నారు. ఆ వేళ్లు ఎంత గట్టిగా నొక్కాయో నాకొక్కదానికే తెలుసు.