తవుడుకు కొన్న కుక్కపిల్ల

దయ్యాలు లేవని చెప్పడానికే ప్రభుత్వం నాకు జీతమిస్తోందని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు. ఖిల్లా ఘణపూర్ దగ్గర ఒక ఊరి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. నిమ్మకాయ కోస్తే రక్తం కారినట్టు చూపించే బాబాలు కత్తికి ముందే ఏ మందు పూసి తెస్తారో ప్రతి ఏడాదీ తొమ్మిదో తరగతి పిల్లలకు చేసి చూపిస్తాను. దిష్టి అనీ, గాలి అనీ ఎవరైనా మొదలుపెడితే పెద్దవాళ్లని కూడా చూడకుండా మొహం మీదే అడిగేస్తాను. అందుకే చుట్టాల్లో నాకు అంత మంచి పేరేం లేదు.

కాబట్టి ఇప్పుడు రాస్తున్నది నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మేం కొత్తకోటలో ఉంటాం. మా ఆయన పేరు శ్రీశైలం, హైవే మీద లారీలకు వైరింగు పని చేస్తాడు. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది. మాకు ఇద్దరు పుట్టారు, ఇద్దరూ పోయారు. పాప మూడు రోజులు ఉంది. ఆ తర్వాత రెండేళ్లకు పుట్టిన బాబు పదకొండు రోజులు ఉన్నాడు.

రెండేళ్ల కిందట వానాకాలంలో మా ఆయన చొక్కా లోపల ఒక కుక్కపిల్లను పెట్టుకుని ఇంటికి వచ్చాడు. దాబా వెనక ఈనిన కుక్కను లారీ తొక్కిందట. పిల్లల్లో ఇదొక్కటే మిగిలిందట. నేను ఇంతెత్తున లేచాను. పొద్దున పోతే సాయంత్రం వచ్చేదాన్ని, దీని ఆలనాపాలనా ఎవరు చూస్తారని అరిచాను. అత్తమ్మ గిన్నెలో పాలు, ఇంత దూది తెచ్చుకుని కింద కూర్చుంది. వారం తిరిగేసరికి ఆ దూది నా చేతికి వచ్చింది.

టైగర్ అని పేరు పెట్టాడు మా ఆయన. పిల్లిని చూస్తే నా చీర కుచ్చిళ్ల వెనక దాక్కునేవాడు, అయినా టైగరే. సాయంత్రం నేను బస్సు దిగి సందు మలుపు తిరిగేసరికి వాడు గేటు దగ్గర నిలబడి ఒళ్లంతా ఊపేవాడు. ఇంట్లో నా కోసం ఎదురుచూసే ప్రాణం ఒకటి ఉందని ఆ కొన్ని నెలలూ హాయిగా ఉండేది.

వాడికి ఎనిమిదో నెల నడుస్తుండగా, ఎండలు ముదిరే రోజుల్లో, తిండి మానేశాడు. వేడి చేసిందేమో అనుకుని మజ్జిగన్నం పెడితే మూతి తిప్పుకున్నాడు. మటన్ బొక్క పెట్టినా వాసన చూసి వదిలేశాడు. నాలుగో రోజుకు వెనక కాళ్లు తడబడ్డాయి. వారానికి లేచి నిలబడటం కూడా మానేశాడు. జ్వరం లేదు, వాంతులు లేవు, విరేచనాలు లేవు. కళ్లు మాత్రం నేను ఎటు పోతే అటు తిరిగేవి.

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఒక నోటుబుక్కు పెట్టాను. పొద్దున ఒంటి వేడి ఎంత, సిరంజితో ఎన్ని నీళ్లు పట్టాను, బరువెంత, అన్నీ రాశాను. పద్నాలుగు కిలోల కుక్క మూడు వారాల్లో తొమ్మిదికి దిగిందని ఆ పుస్తకంలో ఉంది.

ముందు మా ఊరి పశువుల దవాఖానకు తీసుకుపోయాం. పిడుదుల వల్ల వచ్చే జ్వరమేమోనని సూదులిచ్చారు, సెలైన్ ఎక్కించారు. గుణం కనిపించలేదు. వనపర్తిలో ఒక డాక్టరు రక్తపరీక్ష చేయించాడు. పిడుదుల జబ్బు లేదు. లివర్ బాగుంది, కిడ్నీ బాగుంది. ఎక్స్‌రేలో ఎముకలు బాగున్నాయి. గద్వాలలో చెయ్యి మంచిదని పేరున్న రిటైర్డ్ డాక్టరు ఒకాయన ఉన్నాడంటే అక్కడికీ పోయాం. ఆయన అరగంట వాడి వెన్నుపూసలు ఒక్కొక్కటే నొక్కి చూశాడు. ఎలుకలమందు తిన్నాడా, ఎవరన్నా కొట్టారా అని అడిగాడు. రెండూ లేవన్నాం. తన వల్ల కాదని, హైదరాబాద్ తీసుకుపొమ్మని చెప్పాడు.

హైదరాబాద్‌లో రెండు రోజులు ఉంచుకున్నారు. స్కానింగ్ తీశారు, మెదడుకొచ్చే వైరస్ పరీక్ష కూడా చేశారు. చివర్లో కాగితం మీద ఇంగ్లీషులో ఒక పెద్ద మాట రాసిచ్చారు. కారులోనే దాని అర్థం వెతికాను. కారణం తెలియని జబ్బు అని అర్థం. తెలియదు అనడానికి కూడా డాక్టర్లకు ఒక గొప్ప మాట ఉంటుందని ఆ రోజు తెలిసింది. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

మళ్లీ వనపర్తికే వచ్చాం. అక్కడి డాక్టరు కుర్రవాడు, మంచివాడు. ఫైలంతా రెండుసార్లు తిరగేసి చూశాడు.

"మేడం, నాకైతే సమజైతలేదు. రిపోర్టులన్నీ మంచిగనే ఉన్నయి, కుక్కనే మంచిగ లేదు," అన్నాడు.

అది శుక్రవారం. సోమవారం దాకా చూద్దామనీ, అప్పటికీ ఏమీ తినకపోతే బాధ లేకుండా నిద్రపుచ్చే సూది గురించి ఆలోచించమనీ తల వంచుకుని చెప్పాడు. నేను సరేనన్నాను. శనివారం బడికి సెలవు పెట్టాను. కుక్క కోసం ఏడిస్తే స్టాఫ్ రూంలో నవ్వుతారని ఇంట్లో కూర్చుని ఏడ్చాను.

ఆ శనివారమే అత్తమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. ఆమె అడగబోయేది ఏమిటో నాకు ముందే అర్థమైంది.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను చేటలో వేసి పెంటకుప్ప మీద పెడతారు. తల్లి వెనక్కి చూడకుండా వచ్చేస్తుంది. వేరే ఆడమనిషి ఎత్తుకుని, ఎవరి బిడ్డ అని అడుగుతుంది. తల్లి నాది కాదనాలి. అప్పుడు ఆ మనిషి తనకు దొరికిన బిడ్డకు పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టి, చేటెడు తవుడుకు తల్లికే అమ్ముతుంది. ఎవరికీ అక్కరలేని బిడ్డను మృత్యువు కూడా పట్టించుకోదని నమ్మకం. మా ఆయనను అట్లాగే కొన్నారు. శ్రీశైలం అన్నది బడిలో రాసిన పేరు. ఊరికి పోతే ముసలివాళ్లు ఇప్పటికీ పెంటయ్యా అనే పిలుస్తారు.

బాబు పుట్టిన అయిదో రోజు, దవాఖాన నుంచి ఇంటికి రాగానే, అత్తమ్మ చేట కడిగి ఆరబెట్టింది. నేను ఇల్లు పీకి పందిరేశాను. నా బిడ్డను పెంట మీద పెట్టే మాట ఇంకోసారి వినిపిస్తే పుట్టింటికి పోతానన్నాను. ఆమె చేట తీసి అటక మీద పెట్టింది. ఆరు రోజులకు బాబు పోయాడు. గుండెలో పుట్టుకతోనే లోపం ఉందని డాక్టర్లు రాసిచ్చారు. అత్తమ్మ ఈ ఆరేళ్లలో ఒక్కనాడు కూడా నన్ను ఒక్క మాట అనలేదు.

శనివారం ఆమె టైగర్ తల నిమురుతూ చెప్పింది.

"అప్పుడు నువ్వు వద్దన్నవ్ బిడ్డా, నేను నోరు మూసుకున్న. ఇప్పుడు గూడ వద్దంటే మూసుకుంట."

నేను సిరంజిలో నీళ్లు నింపి వాడి నోట్లో పట్టాను. తర్వాత మీ ఇష్టం అన్నాను. నమ్మి అన్నానా అంటే లేదు. ఆమెకు రెండోసారి వద్దని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఎత్తుకోవడానికి మా సందు చివర ఉండే సువార్తమ్మను పిలిచింది. ఒకప్పుడు బొంబాయి దాకా కూలికి పోయివచ్చిన మనిషి, ఇప్పుడు పత్తి ఏరడానికి పోతుంది. ఆదివారం తప్పకుండా చర్చికి పోతుంది. ఇట్లాంటివి వాళ్ల చర్చిలో ఒప్పుకోరట, అయినా మూగజీవమని వచ్చానంది. చర్చికి ఆలస్యమవుతుంది, తొందరగా కానివ్వమని కూడా అంది.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. బాగా ఎండ వచ్చింది. మా ఇంటి వెనక బర్రెలవాళ్ల పెంటకుప్ప ఉంది. టైగర్ చేటలో సగమే పట్టాడు, కాళ్లు బయటకు వేలాడుతున్నాయి. నాకు సిగ్గు, ఏడుపు రెండూ వచ్చాయి. పెట్టేసి, వెనక్కి చూడకుండా ఇరవై అడుగులు వచ్చాను. మా ఆయన లారీ పని మీద పొద్దున్నే పోయాడు కాబట్టి అక్కడ ఉన్నది మేం ముగ్గురమే.

సువార్తమ్మ అవతలి వైపు నుంచి వచ్చి వాడిని రెండు చేతులతో ఎత్తుకుంది. ఎవరి పిల్ల అని అడిగింది. నాది కాదనాలి. రెండోసారి అడిగింది. అత్తమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. మూడోసారి అడిగాక అన్నాను.

"నాది కాదు."

అప్పుడు సువార్తమ్మ, "ఈడు నాకు దొరికిండు. ఈని పేరు కణాదు," అంది.

అత్తమ్మ గయ్యిమంది. "పెంటయ్య అనమంటే ఏందే గది? కణాదేంది?"

"ఏమో అక్క. నోట్లకెల్లి గదే వొచ్చింది."

పక్కనున్న గోడ పట్టుకున్నాను.

మాలో ఇరవై ఒకటో రోజు దాకా బిడ్డకు పేరు పెట్టరు. మా బాబుకు పేరు లేదు. దవాఖాన కాగితాల్లో నా పేరు రాసి పక్కన బిడ్డ అని రాశారు, అంతే. కానీ కడుపుతో ఉన్నప్పుడే మగపిల్లవాడైతే కణాద్ అని పెట్టాలని నేను మనసులో అనుకున్నాను. పరమాణువుల గురించి చెప్పిన పాతకాలపు ఋషి పేరది. వింటే నవ్వుతారని, ఇరవై ఒకటో రోజునే చెప్పవచ్చులే అని మా ఆయనకు కూడా చెప్పలేదు. ఎక్కడా రాయలేదు.

సువార్తమ్మ చేతుల్లోంచి వాడిని తీసుకుని, చేటెడు తవుడు ఆమె ముందు పెట్టాను. వాడు మెడ చాచి ఆ తవుడు నాకాడు. ఒకసారి కాదు, చేట అంచు దాకా నాకాడు. ఇరవై మూడు రోజుల తర్వాత వాడంతట వాడు నోట్లో పెట్టుకున్న మొదటి తిండి అది. నోటుబుక్కులో టైము కూడా రాసి ఉంది.

సోమవారం వనపర్తికి పోలేదు. పది రోజుల్లో నడిచాడు. నెలకు పద్నాలుగు కిలోలు దాటాడు. తర్వాత తీసుకుపోతే డాక్టరు మళ్లీ రక్తపరీక్ష చేశాడు. అప్పుడు కూడా నార్మలే, ఇప్పుడు కూడా నార్మలే, ఏం రాయమంటారు మేడం అని నన్నే అడిగాడు. కొన్ని వైరస్‌లు వాటంతటవే తగ్గిపోతాయని కూడా అన్నాడు. అది నిజమే అయి ఉండవచ్చు. ఆ మాటతో నాకు గొడవ లేదు.

గొడవంతా పేరుతోనే. నాకు చేతనైనంత విచారించాను. ఆ పేరు నేను తరగతిలో అణువుల పాఠం మొదలుపెట్టేటప్పుడు చెబుతాను. సువార్తమ్మ పిల్లలు గానీ చుట్టాలు గానీ మా బడికి రారు. ఆమెకు చదువు లేదు. పురిటి మత్తులో నేనేమైనా పలవరించానా అంటే, అప్పుడు నా దగ్గర ఉన్నది అత్తమ్మే, ఆమెకు ఆ మాట కొత్త. నేనే తప్పుగా విన్నానా అంటే, అత్తమ్మ విని గద్దించింది. మర్నాడు సువార్తమ్మను అడిగాను. ఏదో నోటికొచ్చింది అన్నాను టీచరమ్మా, ఏమన్నానో యాదికి లేదంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆనవాయితీ వల్లే వాడు బతికాడని నేను ఒప్పుకుంటే, అటక మీద పెట్టించిన చేట సంగతి ఏమిటి? గుండెలో లోపాన్ని తవుడు పూడ్చదు, రిపోర్టు నా బీరువాలో ఉంది. ఇది నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు. అందుకే నమ్మను. నమ్మితే నేను బతకలేను. కానీ ఆ పేరు ఆమె నోటికి ఎట్లా వచ్చిందో మాత్రం ఈ రోజు దాకా నాకు తెలియదు.

వాడు ఇప్పుడు టైగర్ అంటే చెవి కూడా కదపడు. అత్తమ్మకేమో ఆ కొత్త పేరు అలవాటైపోయింది. అది ఎవరి కోసం అనుకున్న పేరో ఆమెకు నేను చెప్పలేదు. మా ఆయనకూ చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నాలు నేను వంటింట్లో ఉంటే, ఆమె గడపలో నిలబడి సందులోకి కేకేస్తుంది.

"కణాదూ, బువ్వ తిందువు రా నాయినా."

మనవడి పేరు పెట్టి పిలుస్తున్నానని ఆమెకు తెలియదు. నేను పొయ్యి దగ్గర నిలబడి వింటాను.