రెండో పేజీ దాటని పెద్దాయన

ఆ రోజుల్లో ‘యూజర్’ అనే మాటను ప్రొద్దుటూరులో నేనే కనిపెట్టినంత గర్వంగా పలికేవాణ్ణి. ఇంట్లో కూడా అదే వరస. అమ్మ వంటింట్లోకి ఏ వేళకు వస్తుంది, నాయన (జమ్మలమడుగు మిషన్ బడిలో అయ్యవారు) పేపర్లో ముందుగా ఏ పేజీ తిప్పుతాడు అన్నీ గమనించి, అన్నాల దగ్గర విశ్లేషణ వినిపించేవాణ్ణి. “వీనికి ఉద్యోగమొచ్చిందా, దయ్యం పట్టిందా?” అని నాయన అమ్మను అడిగేవాడు. ఫ్యాక్షన్ కాలం వెనకబడిందని అందరూ చెప్పుకుంటున్న రోజులవి. బాంబులైతే తగ్గాయి గానీ, ఆ కాలం నేర్పిన అలవాట్లు ఇంకా ఎవరి ఒంటినీ వదల్లేదు. పార్టీల గొడవలకు ఆమడ దూరంలో పెరిగిన నాకు ఆ సంగతి తెలియాల్సినంత తెలియదు.

ఉద్యోగమంటే మరీ గొప్పదేం కాదు. బట్టల కొట్టు పైన రెండు గదులు, అందులో ఫోన్‌లోనే అద్దె బండి మాట్లాడుకునే యాప్ నడిపే చిన్న కంపెనీ. స్టాండులో ఏ బండి ఖాళీగా ఉందో, ఏది కిరాయికి పోయిందో అందులో కనబడేది. మా ఓనరు బెంగుళూరులో కొన్నాళ్ళు పనిచేసి వచ్చినవాడు. మేం చాటుగా ‘గ్రాఫు సారు’ అనేవాళ్ళం. గోడమీది తెరలో బుకింగుల గీత పైకి పోతే అందరికీ టీ తెప్పించేవాడు, కిందికి పోతే ఫ్యాను ఆపించేవాడు. జనం యాప్ తెరిస్తే ఒక మెట్టు, బండి ఎంచుకుంటే ఇంకో మెట్టు, పోవాల్సిన చోటూ వేళా రాస్తే మరో మెట్టు, బుక్ చేస్తే ఆఖరి మెట్టు. ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో చూసి చెప్పడం నా పని. చెప్పేవాణ్ణి కూడా. పట్నంలో పెళ్ళిళ్ళకూ ఆసుపత్రికీ పోయేవాళ్ళు తప్ప, పల్లెల వాళ్ళంతా రెండో పేజీలోనే ఆగిపోతున్నారు. మొదటి పేజీలో సుమో ఎంచుకుంటారు, రెండో పేజీలో “ఎక్కడికి, ఎన్ని గంటలకు?” అని యాప్ అడగ్గానే మూసేసి వెళ్ళిపోతారు. ఎందుకు మూసేస్తున్నారో మాత్రం ఆ లెక్కల్లో కనబడేది కాదు. “ఉగాది లోపల ఎందుకో కనుక్కో. కనుక్కుంటే నువ్వు పర్మనెంటు. లేకుంటే కంపెనీనే ఉండదు, ఇంక నువ్వెంత” అన్నాడు గ్రాఫు సారు. నాయన రిటైరయ్యే సంవత్సరం అది. ఉద్యోగం పోతే ఇంట్లో మొహం చూపించలేనని నాకు నిజంగానే భయం పట్టుకుంది.

మా లెక్కలో అందరికన్నా నమ్మకమైన యూజర్ ముద్దనూరు పక్క పల్లెలో ఉండే ఒక పెద్దాయన. రోజూ పొద్దున్నే యాప్ తెరుస్తాడు, బండ్లన్నీ ఒకసారి చూస్తాడు, రెండో పేజీ రాగానే మాయమైపోతాడు. “పోయి చూడు. యూజర్‌ను వాళ్ళింటి దగ్గర చూస్తేనే అర్థమవుతాడు” అని సారు నన్ను పంపాడు. (బెంగుళూరులో ఈ సూత్రం ప్రమాదం లేకుండానే పనిచేస్తుందేమో.) అప్పుడేమో పంచాయతీ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. నేను ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్ళద్దాలు వేసుకుని, ఆ ఇంటి గేటుకు ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చుని, చేతనైనంత తీయగా మొదలుపెట్టాను.

“ఆ ఇంటి పెద్దాయన పొద్దున ఎన్ని గంటలకు బయటికొస్తాడప్పా?”

టీ వడపోసే చెయ్యి ఆగింది. “ఎందుకప్పా?”

“ఊరికే. ఏ దోవన పోతాడు? ఒక్కడే పోతాడా, ఎంట మనుషులుంటారా?”

ఆయన నేను అడక్కపోయినా ఇంకో టీ నా ముందు పెట్టి, “కూచోనుండు, ఇప్పుడే వస్తా” అని పోయాడు. మన జిల్లా మర్యాదే వేరని నేను మురిసిపోయాను. ఆ టీ సగం కాకముందే ఇద్దరు మనుషులు వచ్చి, చెరొక రెక్క పట్టుకుని నన్ను గేటు లోపలికి తీసుకుపోయారు. పెద్దాయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

“ఎవురు పంపినారు నిన్ను?”

“మా సారు.”

“ఏ ఊరాయన?”

“బెంగుళూరు నుంచి వచ్చినాడు.”

వసారాలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. (బయటి ఊళ్ళ నుంచి కిరాయి మనుషుల్ని దింపడం అక్కడ పాత పద్ధతట, నాకు తర్వాత తెలిసింది.)

“నీ పనేంది?”

“మీరు రోజూ ఏం చేస్తాండారో చూసి ఆయనకు చెప్పడం సార్.”

అంత నిజం నా జీవితంలో ఇంకెప్పుడూ చెప్పలేదు. రుజువుగా ఉంటుందని ఫోను తీసి, నిన్న ఆయన ఏ వేళకు ఫోను పట్టుకున్నాడో, మొన్న ఏ వేళకు పట్టుకున్నాడో కూడా చూపించాను. నా రెక్క పట్టుకున్న చెయ్యి ఇంకా బిగిసింది. ఇక అయిపోయానని అనుకున్నాను. పర్మనెంటు సంగతి సరే, ఇంటికి చేరితే చాలనిపించింది. అప్పుడు లోపలి నుంచి పెద్దాయన తల్లి గోడ పట్టుకుని మెల్లగా బయటికొచ్చింది.

“ఎవురి పిల్లోడివి నాయనా?”

“జమ్మలమడుగు మిషన్ బడి అయ్యవారి కొడుకును అవ్వా.”

“మన చిన్నోళ్ళకు చదువు చెప్పినాయన కదరా. చెయ్యి ఇడ్సండి, పిల్లోడు వణుకుతాండాడు.”

రెక్కలు వదిలేశారు. అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి, మా యాప్ కథంతా మొదటి నుంచి చెప్పుకున్నాను. అంతా విని పెద్దాయన కడుపుబ్బ నవ్వాడు.

“నేను యాడికి పోతానో, ఎప్పుడు పోతానో నా పెండ్లానికే చెప్పనప్పా. మీ ఫోనుకు చెప్తానా?”

“మరి రోజూ ఎందుకు తెరుస్తాండారు సార్?”

“మీ బండ్లన్నీ ఖాళీగా ఉండాయనుకో, అవతల పార్టీవోళ్ళు ఇండ్లల్లోనే ఉండారని. అన్నీ పోయినాయనుకో, యాడికో కదుల్తాండారని. ఆ పొద్దు నేను గడప దాటను.”

మా లెక్కలో రెండో నమ్మకమైన యూజర్ ఆ ఊరి వాగుకు అవతల పల్లెలో ఉండేవాడు, ఆయనా రోజూ తెరిచి మూసేవాడే. ఆయన ఏ పార్టీయో నేను అడగలేదు. పైసా ఖర్చు లేకుండా ఇద్దరూ మా యాప్‌లోంచే ఒకరినొకరు కనిపెట్టుకుని కూర్చున్నారు, మేమేమో వాళ్ళను చూసి రేపో మాపో బుక్ చేస్తారని ఆశపడుతున్నాం.

ఆఫీసుకొచ్చి గ్రాఫు సారుకు జరిగిందంతా చెప్పాను. “ఆ రెండో పేజీ తీసేద్దాం సార్. ఎక్కడికనేది బండి ఎక్కినాక డ్రైవరుకే చెప్పుకుంటారు” అన్నాను. తీసేశాం. ఉగాదికి ముందే గీత పైకి లేచింది, నేను పర్మనెంటయ్యాను, అమ్మ చర్చిలో లేచి ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పింది. ఆ వారంలోనే పెద్దాయన మొదటి బుకింగు కూడా వచ్చింది. తిరిగొచ్చిన డ్రైవరు చెప్పాడు: “ముద్దనూరు స్టేషను దాటేదాంకా నోరు ఇప్పలేదన్నా. అప్పుడు పులివెందుల అన్నాడు. కూతురింటికంట. పెండ్లి చేసి పంపినాక ఇదే మొదుట్సారి పోవడమంట. దిగి ఆ గేటు కాడ శానాసేపు అట్లే నిలబడినాడు. లోపల్నుంచి ఆ యమ్మ చూసి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.” మా తెర మీద అది ఒక చిన్న చుక్క మాత్రమే. దాన్ని చూస్తూ నేను ఏడ్చాను. “ఎక్కడికి పోయినాడో రాసిపెట్టు, పనికొస్తుంది” అన్నాడు సారు. సరే సార్ అన్నాను గానీ రాయలేదు.

ఇప్పుడు హైదరాబాదులో పెద్ద కంపెనీలో ఉన్నాను. నా కింద పనిచేసే పిల్లలు, ఏ మనిషి ఎక్కడ ఆగిపోయాడో కన్ను మూసి తెరిచేలోపు చెప్పేస్తారు. పోయి ఆ మనిషినే అడిగి రాగూడదా అంటే, పాతకాలపు మనిషిని చూసినట్టు నన్ను చూసి మర్యాదగా నవ్వుతారు. నేనైనా పోతున్నానా అంటే, అదీ లేదు. ఎవరినీ ఏది అడక్కూడదో ఆనాటి కుర్రాడికి ఒక్కటీ తెలియదు, అందుకే నేరుగా ఇంటి ముందుకే పోయి అడిగేశాడు. నాకిప్పుడు అడక్కూడనివన్నీ తెలుసు. ఎవరినీ ఏమీ అడగను, ఎవరింట్లోనూ మజ్జిగ తాగను. ఒక్కోసారి వాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను, కాస్త ఈర్ష్యగా కూడా ఉంటుంది.