పెన్‌పహాడ్‌లో నీళ్లడిగిన మనిషి

అనుమానం పెనుభూతం అంటారు పెద్దలు. నాకు తెలిసిన భూతం అదొక్కటే. మిగతా భూతాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇది చదివాక మీరు నన్ను ఏమనుకున్నా సరే, ఆ మాట ముందే చెప్పి పెడుతున్నాను.

మా నాన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తా. బస్తా పైన మంచి వడ్లు కనిపించినంత మాత్రాన ఒప్పుకునేవాడు కాదు. మోచేతిదాకా లోపలికి చెయ్యి పెట్టి, అడుగు గింజ తీసి కొరికి చూసేవాడు. నాకు ఆయన పోలికే వచ్చింది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే వీళ్లకు నాతో ఏం పని పడిందోనని ఆలోచిస్తాను. మా ఆయన దాన్ని జబ్బంటాడు. నా ఉద్యోగానికి మాత్రం బాగానే పనికొచ్చింది.

తొంభైల మొదట్లో నేను సూర్యాపేటలో ఒక ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. అక్కడ క్యాన్సర్ రోగులకు ఒక చిన్న విభాగం ఉండేది. గడ్డలు తీసేవాళ్లు, సెలైన్‌లో మందు ఎక్కించేవాళ్లు. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాల్సినవాళ్లను హైదరాబాదు పంపేవాళ్లు. నేను డాక్టర్నీ కాదు, నర్సునీ కాదు. రోగుల వివరాలు రాసుకోవడం, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పడం, రానివాళ్లను వెతికించడం నా పని.

ఒక ఏడాది మా విభాగానికి గుర్తింపు ఇచ్చే కమిటీ హైదరాబాదు నుంచి కొత్త నిబంధనలు పంపింది. అంతకుముందు ఎంతమందికి వైద్యం చేశామో చెబితే సరిపోయేది. ఇకమీదట వాళ్లంతా ఇప్పుడెలా ఉన్నారో కూడా చెప్పాలట. బతికున్నారా, పోయారా, జబ్బు తిరగబెట్టిందా, అన్నీ. తెలియదు అనే జవాబు ఎక్కువైతే గుర్తింపు తీసేస్తారు. గుర్తింపు పోతే ఉచితంగా వచ్చే మందులు ఆగిపోతాయి.

మా మేనేజర్ గారు నన్ను పిలిచి, "ఏమ్మా విజయా, ఎట్లన్న జేసి అందరి ముచ్చట తెలుసుకోవాలె. ఎట్లన్న జేసి" అన్నారు. ఆ రెండోసారి అన్న మాట నాకు నచ్చలేదు. ఆ రోజు నుంచే ఆయన మీద ఒక కన్నేసి ఉంచాను.

నిజానికి నా మనసంతా ఒక్క మనిషి మీదే ఉంది. ఆమె పేరు యాదమ్మ. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, ఇద్దరు చిన్నపిల్లలు. రొమ్ములో గడ్డ తీసేశారు. ఆ తర్వాత మందు ఎక్కించడం మొదలుపెట్టాక జుట్టు ఊడసాగింది. ఒకరోజు పొద్దున్నే చూస్తే మంచం ఖాళీ. భర్త సైదులు ఎవరికీ చెప్పకుండా తీసుకుపోయాడు. డాక్టరమ్మ నాతో, "మందు సగంలో ఆపేసింది, ఆ జబ్బు మళ్లీ వస్తుంది విజయా. తొందరగా దొరికితే ఏమైనా చేయగలను. ఆలస్యమైతే నా చేతిలో ఏం ఉండదు" అంది.

యాదమ్మ మాకు చెప్పిన ఊరు చివ్వెంల. పోస్టు కార్డులు రాస్తే జవాబు లేదు. చివరికి నేనే బస్సెక్కి వెళ్లాను. కిరాణా కొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "సైదులు భార్య యాదమ్మనా? గా పేరుతోని ఈడ ఎవ్వరు లేరమ్మా" అన్నాడు.

ఇందులో వింతేమీ లేదు. మా వైపు పెద్ద జబ్బు పేరు ఎవరూ పైకి అనరు. గడ్డ అంటారు, పుండు అంటారు. ఇంట్లో పెళ్లికి ఎదిగిన ఆడపిల్ల ఉంటే వాకిట్లో ఆసుపత్రి జీపు ఆగడం కూడా ఇష్టపడరు. సైదులుకు చెల్లెలుంది, సంబంధాలు చూస్తున్నారు. వదినకు ఆ జబ్బని, జుట్టు కూడా పోయిందని తెలిస్తే ఎవరొస్తారు? అందుకే ఊరడిగితే మేనత్తను ఇచ్చిన ఊరో, బస్సులో దాటొచ్చిన ఊరో చెప్పేస్తారు. అసలు ఊళ్లు బయటపడేది ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో, రోగులూ వాళ్ల తాలూకు మనుషులూ వంట చేసుకునే పొయ్యిల దగ్గర మాత్రమే. మేం అటు వెళితే మాటలు ఆగిపోయేవి.

ఇలా ఉండగా ఒక సోమవారం లింగయ్య వచ్చాడు. మిర్యాలగూడలో మిల్లు హమాలీ. మాకు మాత్రం నకిరేకల్ అని చెప్పి మాయమైనవాడు. నేను ఆశ్చర్యపోయి ఎలా వచ్చావంటే, అతను నాకంటే ఆశ్చర్యపోయాడు.

"మీరే గద మేడం మనిషిని పంపింది. నేను మిల్లుకు పోయిన, మా అమ్మ ఒక్కతె ఉండె ఇంట్ల. దవాఖానామె వచ్చి, నీళ్లడిగి తాగి, సోమారం పొమ్మని చెప్పి పోయిందట."

నేను ఎవరినీ పంపలేదు. ఆ తర్వాతి సోమవారం కోదాడ వైపు నుంచి ఒక ఆమె వచ్చింది. ఆమె పొలంలో ఉంటే పక్కింటి ముసలమ్మకు చెప్పి పోయారట. అక్కడా అదే వరస. ఎవరో ఆడమనిషి, నీళ్లడిగింది, సోమవారం రమ్మంది.

దొరికాడు మేనేజర్ అనుకున్నాను. ఎవరో ఆడమనిషిని పెట్టుకుని ఊళ్ల మీదికి తోలుతున్నాడు, రేపు దొంగ రోగులను కూడా దింపుతాడు. కానీ వచ్చినవాళ్లు దొంగ రోగులు కారు. లింగయ్య మెడ మీద కోత మా డాక్టరమ్మ కోసినదే. అయినా ఉండబట్టలేక వెళ్లి మొహం మీదే అడిగేశాను.

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. "నేనెందుకు పంపుత? నువ్వే పోతున్నవనుకున్న. బస్సు చార్జీలు ఎన్నడు అడుగుతవా అని సూస్తున్న."

అంటే ఆయన నన్ను అనుమానిస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆయా మరియమ్మను పట్టుకుంటే, "వార్డు ఇడిసి నేనేడికి పోతనమ్మా? నాకు కోదాడ తొవ్వనే తెల్వది" అని నెత్తీ నోరూ కొట్టుకుంది. ఇంకో ఆసుపత్రి వాళ్లెవరో మా రోగులను లాక్కోవాలని చూస్తున్నారేమో అని కూడా ఒక పూట ఆలోచించాను. మరి లాక్కునేవాళ్లు మా దగ్గరికే ఎందుకు పంపుతారు?

మళ్లీ సోమవారం యాదమ్మ వచ్చింది.

తల మీద కొంగు బిగించి కప్పుకుని, చంటిపిల్లను చంకనేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. వెనకాల మొహం ముడుచుకుని సైదులు. నేను పరుగులాంటి నడకతో వెళ్లి లోపలికి తీసుకొచ్చాను. డాక్టరమ్మ చూసి, పాత కోత పక్కనే శనగగింజంత గడ్డ ఉందని చెప్పింది. తీసేయవచ్చు, ఇంకో రెండు నెలలు పోతే కష్టమయ్యేది అంది. సంతోషంగా ఆమె పేరు ఎదురుగా ఆపరేషన్ తేదీ రాసుకున్నాను.

కానీ నా బుద్ధి ఊరుకోదు కదా. పక్కకు కూర్చోబెట్టి అడిగాను. అసలు ఊరు పెన్‌పహాడ్ అని సిగ్గుపడుతూ చెప్పింది. ఎవరు చెబితే వచ్చావు అన్నాను.

"ఎల్లమ్మత్త వచ్చింది గద మేడం. మీరే గద తోలింది."

ఏ ఎల్లమ్మ అని నేను అడగాల్సిన పని లేదు.

ఎల్లమ్మది కోదాడ దగ్గర పల్లె. నోట్లో పుండు గొంతుదాకా పాకింది. నెలల తరబడి మా వార్డులోనే ఉంది, యాదమ్మ పక్క మంచం. కాస్త ఓపిక ఉన్న రోజుల్లో వెనక పొయ్యిల దగ్గర కూర్చుని అందరి కష్టసుఖాలు వినేది. యాదమ్మ వెళ్లిపోయిన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఎల్లమ్మ చనిపోయింది. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. కళ్లు మూసింది నేనే.

మా వార్డులో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా పోతే మిగతా రోగులతో హైదరాబాదు పంపించామని చెప్పేవాళ్లం, వాళ్లు అధైర్యపడకూడదని. ఎల్లమ్మ గురించీ అలాగే చెప్పాం. అప్పటికే వెళ్లిపోయిన యాదమ్మకు ఆ మాట కూడా తెలియదు.

నేను మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, ఎల్లమ్మ వచ్చి ఏమందని అడిగాను.

"పగటిపూట మేడం, పిల్లలకు అన్నం పెడుతున్న. వచ్చి గడప మీద కూసున్నది. దూపైతున్నదన్నది. చెంబెడు నీళ్లిస్తే గటగట తాగి ఇంకో చెంబు తెమ్మన్నది. సోమారం దవాఖానకు పోవే అన్నది. నేను రానన్న. 'నీ పుండు కంటె నా పుండు పెద్దది, నన్ను సూడు. నువ్వు పోతవా, నన్ను ఈ గడప మీదనే కూసోమంటవా' అన్నది. మంచిగ బొద్దుగ అయింది మేడం. ఆమెకే నయమైనంక నాకెందుకు గాదు అని మా ఆయనతోని కొట్లాడి వచ్చిన."

సైదులును విడిగా అడిగాను. వాడికి ఆసుపత్రికి రావడమే ఇష్టం లేదు, భార్య కోసం అబద్ధం చెప్పాల్సిన పని లేదు. "నేను బాయికాడికెళ్లి వచ్చేసరికి పోతున్నది. ఎనకనుంచి సూసిన. ఆకుపచ్చ చీర. మా ఆడది చెంబు కడుగుతున్నది" అన్నాడు.

మరునాడే మిర్యాలగూడ వెళ్లాను. లింగయ్య తల్లి ఆసుపత్రి మొహం చూసిన మనిషి కాదు, ఎల్లమ్మ ఎవరో ఆమెకు తెలియదు. ఏ రంగు చీర అని నేను అడగకముందే ఆకుపచ్చ చీర అంది. "ఎన్నొద్దుల సంది నీళ్లు లేనట్టు తాగింది బిడ్డా. కుండ కాడికి మళ్ల పోవాల్సొచ్చింది" అంది.

సరే, ఎల్లమ్మకు అచ్చు ఆమెలాగే ఉండే చెల్లెలెవరో ఉండి ఉంటుందనుకున్నాను. లేదా అన్ని రోజులూ తల్లి పక్కనే ఉన్న కూతురు. పొయ్యిల దగ్గర మాటలు ఆ పిల్ల కూడా వినే ఉంటుంది. కోదాడ బస్సెక్కాను.

కూతురు ఇంటి ముందు చాప మీద కూర్చుని మిరపకాయలు ఏరుతోంది. నిండు చూలాలు. లేచి నిలబడడానికే గోడ పట్టుకుంది. ఆ గతుకుల దారుల్లో, బస్సుల్లో ఊరూరూ తిరిగే మనిషి కాదని చూడగానే తెలిసింది. పైగా యాదమ్మకు ఆమె మొహం తెలుసు. మీ అమ్మకు అక్కచెల్లెళ్లున్నారా అన్నాను.

"లేరండి, మా అమ్మ ఒక్కతే. ఏమైందండి?"

చెప్పకూడదనే వెళ్లాను. ఎలా నోరు జారానో, మొత్తం చెప్పేశాను. భయపడుతుందనో తిట్టిపోస్తుందనో అనుకున్నాను. ఆమె అడిగింది ఒక్కటే.

"నీళ్లు తాగిందాండీ?"

తాగిందట అన్నాను.

"ఆఖర్లో చెంచాడు నీళ్లు కూడా దిగలేదండి అమ్మకి. పోస్తే బయటికే వచ్చేసేవి. నీళ్లు, నీళ్లు అని చేత్తో చూపించేది. నిజంగా తాగిందన్నారాండీ?"

రెండు చెంబులు తాగిందని యాదమ్మ చెప్పింది అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఊరుకాని ఊళ్లో, ముక్కూ మొహం తెలియని మనిషి వాకిట్లో కూర్చుని అలా ఏడవడం నా జీవితంలో అదే మొదలు, అదే చివర. అయినా బస్సెక్కాక, ఈ పిల్ల నాటకమాడలేదు కదా అని ఒకసారి అనుకున్నాను. నా బుర్ర అంత పాడుది.

ఆపరేషన్ రోజు పొద్దున యాదమ్మ మొండికేసింది. ఆకుపచ్చ గౌను తొడిగి చక్రాల మంచం తెచ్చాక, దాని మీద ఎక్కనంది.

"ఎల్లమ్మత్తను ఒక్కసారి పిలిపియ్యండి మేడం. ఆమెను సూసే నేనొచ్చింది. ఆమె వచ్చి చెయ్యి పట్టుకుంటెనే లోపటికి పోత."

సైదులు అప్పటికే సంచి సర్దేశాడు. "ఇగ నడువ్, ఇంటికి పోదాం. నీకేడ ఎల్లమ్మత్త" అన్నాడు. డాక్టరమ్మ లోపల చేతులు కడుక్కుని ఎదురుచూస్తోంది. యాదమ్మ నా మొహం వైపే చూస్తోంది. ఎల్లమ్మ పోయిందని ఒక్క మాట అంటే ఆ పిల్ల గేటు దాటిపోతుంది, మళ్లీ రాదు. అది నాకు స్పష్టంగా తెలుసు.

"ఎల్లమ్మ ఈడ లేదు యాదమ్మా" అన్నాను. "ఊళ్లకు పోయింది. ఇంక రానోళ్లు ఉన్నరు గద, వాళ్లను పిలిసెటందుకు."

యాదమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అట్లనా. ఎండల తిరుగుతున్నట్టున్నది. యాళ్లకు ఇంత తినమనుండ్రి" అని తనే మంచం ఎక్కి పడుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఈసారి మందు పూర్తిగా ఎక్కించుకుని వెళ్లింది. నేను ఆ ఉద్యోగం మానేసేదాకా ప్రతి ఏడాదీ వచ్చి కనిపించేది. తలనిండా జుట్టు పెరిగింది. మా గుర్తింపు కూడా నిలిచింది. కమిటీ వాళ్లు మెచ్చుకుంటే, మా స్టాఫు ఇంటింటికీ తిరుగుతారు సార్ అని మేనేజర్ గారు నావైపు చెయ్యి చూపించారు. నేను తల దించుకున్నాను.

చాలా రకాలుగా ఆలోచించాను. యాదమ్మ కల కన్నదంటే, సైదులు ఎవరిని చూశాడు? వాళ్లిద్దరూ కలిసి అల్లారంటే, మిర్యాలగూడ ముసలమ్మకు వాళ్లతో ఏం సంబంధం? ఏ వైపు నుంచి వెళ్లినా ఒకచోట దారి తెగిపోతుంది. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ సోమవారాల్లో, మేం ఆశ వదులుకున్నవాళ్లు ఎవరో ఒకరు గేటు దగ్గర కనిపించేవారు. మిమ్మల్ని ఎవరు రమ్మన్నారని అడగడం నేను మానేశాను. నన్ను ఎరిగినవాళ్లు ఈ మాట నమ్మరు.

ఆ రోజు యాదమ్మకు నేను చెప్పింది అబద్ధమనుకునే చెప్పాను. అది అబద్ధమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.