పెరటి గుమ్మం దగ్గర బిందె

ఇది ఇన్నాళ్ళూ రాయకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. అరవై దాటాక, మా కాలనీ హాల్లో సాయంత్రాలు ఆడవాళ్ళకి చదువు చెప్తుంటే వెళ్ళి నేర్చుకున్నాను. రెండో కారణం మా అమ్మ. ఆమెకీ చదువు రాదు, నేను రాసినా చదవలేకపోయేది. అయినా ఆమె బతికుండగా ఈ సంగతి రాసి ఆమె మొహం చూడలేకపోయేదాన్ని. పోయాక కూడా చాలా ఏళ్ళు చెయ్యి సాగలేదు. పోయే ముందు ఆమె నా చేత ఒక ఒట్టు వేయించుకుంది.

ఆ ఒట్టు ఒక విస్తరి గురించి.

మా అయ్య పెళ్ళికి ముందు, తెల్లదొరల కాలం పెద్ద యుద్ధంలో, బాంబులు వేసే విమానంలో పనిచేశాడు. మా ఊరు ఇప్పుడు లేదు, స్టీల్ ప్లాంటు కిందకి పోయింది. ఉన్నప్పుడు అక్కడ ఆయన్ని అందరూ గొప్పగా చూసేవారు. ఆ యుద్ధంలోనే విశాఖపట్నం మీదా శత్రువుల బాంబులు పడితే మా నాయనమ్మవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని పారిపోయారట. "మన మీద ఏసినోళ్ళ మీద ఏసొచ్చినాడు" అనేవారు టీ బడ్డీ దగ్గర ముసలాళ్ళు. ఆ మాట వినగానే అయ్య తువ్వాలు దులుపుకుని లేచి వచ్చేసేవాడు. మాతో ఆయన చెప్పింది ఒక్కటే. "రంగం వేపు ఎళ్ళినాం. నాను ఎనక సీటు."

రంగమంటే రంగూను, ఆ యుద్ధంలో ఆ శత్రువుల చేతికి పోయిన ఊరు. మా వైపు మగాళ్ళు చాలామంది అక్కడికి పనికి వెళ్ళి, అక్కడో సంసారం పెట్టుకుని వచ్చినవాళ్ళే.

పెద్దల అమావాస్య నాడు మా ఇళ్ళలో పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండి విస్తరి వేస్తాం. తాతకి చేపల పులుసు, పక్కన ఓ చుట్ట. నాయనమ్మకి గారెలు. అయ్య ఆ ఆకులు వీధి గుమ్మం దగ్గర పెట్టి, ఇంకో ఆకు పట్టుకుని పెరట్లోకి వెళ్ళేవాడు. పెరటి గుమ్మం దగ్గర అది పరిచి, వండినవన్నీ తలా కాస్త వడ్డించేవాడు. తాతకీ నాయనమ్మకీ గ్లాసుడు నీళ్ళే. ఆ ఆకు పక్కన మాత్రం నిండు బిందె. నూతిలోంచి తనే తోడి తెచ్చేవాడు, ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు.

"ఎవులికది?" అని అమ్మ అడిగేది. ఆయన ఇంకో చేద తోడి తెచ్చి బిందె అంచుదాకా నింపేవాడు.

"రంగంలో ఉంచుకున్నదానికి," అనేది నాతో, ఆయనకి వినబడేలా. "అది సచ్చినా దాని కడుపు మీదే ఈయన ద్యాస. బిందెడు దాహమేటే దానికి?"

మధ్యాహ్నానికి బిందెలో నీళ్ళు కాస్త తగ్గేవి. ఎండకో, కాకులకో. అమ్మ తొంగి చూసి, "వచ్చి తాగీసి ఎళ్ళింది," అనేది. నాకు నవ్వొచ్చేది కాదు. ఆ తర్వాత చాలా రోజులు ఆ బిందెలో నీళ్ళు ముంచుకోవాలంటే భయం.

అయ్య పోయాక అమ్మ ఆ ఆకు మానేసింది. తను మంచం పట్టినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఆయనకెట్టు, నాకెట్టు. దానికి మాత్రం ఎట్టకు. నా మీద ఒట్టు," అంది. సరేనన్నాను.

అప్పట్నుంచి ఏటా పెద్దల అమావాస్య నాడు నాకు దాహం పట్టుకుంటుంది. ఎంత తాగినా నాలుక తడవదు. మా అమ్మాయి షుగర్ పరీక్ష చేయించింది. షుగర్ లేదు.

చదవడం వచ్చాక అయ్య సంగతి తెలుసుకోవాలనిపించింది. మాజీ సైనికుల ఆఫీసుకి వెళ్తే అంత పాత కాగితాలు ఇక్కడుండవన్నారు. నా దగ్గరున్నది ఒక్క ఫొటో. యూనిఫారంలో అయ్య, చొక్కా మీద ఒక్క రెక్క గుర్తు, వెనకాల సగం విమానం. పోయినేడు అమావాస్యకి ముందు రోజు మా అమ్మాయి నన్ను బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళింది. అక్కడ పాతబడిన పెద్ద విమానాన్ని జనం చూడ్డానికి ఉంచారు. లోపల తిప్పి చూపించే ఆయన నేవీలో చేసి రిటైరైనవాడు, మా వేపు మనిషే. మా అయ్య రంగం వేపు వెళ్ళాడని చెప్పి, ఆయన చేతికి ఫొటో ఇచ్చాను.

కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. "ఒక్క రెక్కంటే పైలట్ కాదమ్మా. ఈ ఫొటోలో విమానం ఇద్దరు కూకునే రకం. ముందోడు నడుపుతాడు. ఎనకోడు తుపాకీ పట్టుకుని ఎనక్కి తిరిగి కూకుంటాడు."

"ఎనక్కా?"

"ఎనక్కే. యుద్ధమంతా ఎనక్కే సూసుంటాడు మీ అయ్య." మా అమ్మాయి వైపు తిరిగి నవ్వాడు. "మనకైతే బస్సులో ఎనక్కి తిరిగిన సీటిస్తేనే కడుపులో తిప్పేత్తాది."

నేను నవ్వలేదు. మా ఊరి మీంచి విమానం వెళ్తే పిల్లలం మెడలెత్తి దాని వెంట చూసేవాళ్ళం. అయ్య మాత్రం అది దాటొచ్చిన వైపు, నేల మీదకి చూసేవాడు. ఇళ్ళూ గడ్డివాములూ ఉన్నచోట ఉన్నాయో లేదో చూసుకుంటున్నట్టు.

"బాంబు ఏసినప్పుడు కింద మనుషులు కనబడతారా బాబూ?" అని అడిగాను.

ఆయన నవ్వు ఆపాడు. "ఈ రకం పైనుంచి ఎయ్యదమ్మా. గద్దలా కిందకి దిగి, ఏసీసి, లెగిసిపోద్ది. లెగిసినప్పుడు ముందోడికి ఆకాశం కనబడతాది. ఎనకోడికి నేల."

"నేల మీద ఏటుంటాది?"

"రంగం వేపు ఇళ్ళన్నీ వెదురూ కర్రానంట. మంట ఉంటాది." ఫొటో తిరిగి ఇచ్చేశాడు. "మీతో ఎప్పుడైనా సెప్పినాడా?"

"లేదు బాబూ."

వెనక సెల్ఫీ తీసుకుంటున్నవాళ్ళు జరగమన్నారు. జరిగాను. మెట్లు దిగాక మా అమ్మాయి నీళ్ళ సీసా ఇచ్చింది. మూత తీసి, తాగకుండానే మళ్ళీ బిగించాను.

ఆ ఆకూ ఆ నీళ్ళూ ఆ మంటలో పోయినవాళ్ళకేనని నేననుకున్నది నిజమని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. రంగంలో ఆయనకి ఎవరైనా ఉండేవారేమో, అదీ నాకు తెలీదు. కానీ ఉంచుకున్నదానికి ఏం ఇష్టమో తెలియని మగాడు ఉండడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకే తలా కాస్త పెడతాం. పాపం మా అమ్మ, లేని ఆడదానితో బతుకంతా పోట్లాడింది. ఆయన ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది.

మర్నాడు పొద్దున్నే లేచి వండాను. అయ్య ఆకులో చుట్ట పెట్టాను. అమ్మ ఆకులో ఎండు రొయ్యలేసిన వంకాయ కూర వడ్డించి, ముందు కూర్చుని, "నీ ఒట్టు తప్పుతన్నానే అమ్మా. కోపమొత్తే నా మీద సూపించు," అన్నాను. మా ఫ్లాటుకి పెరడు లేదు. వెనక వాషింగ్ మెషిన్ పెట్టుకునే బాల్కనీ ఉంది. అక్కడ ఆకు పరిచి అన్నీ తలా కాస్త వేశాను. బిందె మా అమ్మాయి ఎత్తబోతే వద్దని నేనే మోసుకెళ్ళాను.

"ఎవరికమ్మా ఇది?" అంది.

"పేర్లు తెలీవు," అన్నాను. మోసేటప్పుడు కాస్త నీళ్ళు ఒలికాయి. లోపలికి వెళ్ళి చెంబుతో తెచ్చి, బిందె మళ్ళీ అంచుదాకా నింపాను.